కుక్కకు వేసే ముద్ద

మన సీమ ఇండ్లలో కుక్కకంటూ వేరే వంట ఉండదు. మనం తినగా మిగిలిన సంగటి, ఉగ్గాని, పులుసన్నమే దానికి వేస్తాము. మత్తయి 15వ అధ్యాయంలో కనాను స్త్రీ చెప్పినదీ ఇటువంటి మిగులును గూర్చియే. పెట్టడం మంచిదే గాని, అందులో ఏమి కలిసియున్నదో చూడాలి.

ముఖ్యంగా ఎర్రగడ్డ, అంటే ఉల్లి. కర్నూలు, కడప జిల్లాలలో విరివిగా పండుతుంది. అది లేని ఉగ్గాని ఎక్కడ? అయితే ఎర్రగడ్డ, తెల్లగడ్డ రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. చిన్న ముక్కతో ఏమీ కాకపోవచ్చు. రోజూ తిన్నా, ఒక్కసారే ఎక్కువ తిన్నా ప్రమాదమే. వెంటనే ఏమీ కనబడదు. కొన్ని రోజులకు కుక్క నీరసించి, చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ఎర్రగా వస్తుంది. ఎండదెబ్బ అనుకొని ఊరుకొనక పశువుల ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

క్రిస్మస్ కేకులోని కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను చెడగొట్టగలదు. పిల్లలకు ముందే చెప్పాలి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

సంగటి కెలికిన వెంటనే, పులుసు తగలకముందే, ఒక ముద్ద తీసి చల్లార్చండి. మాంసం వండేనాడు మసాలా వేయకముందు ఎముకలేని ముక్కలు రెండు విడిగా ఉడికించి అందులో కలపండి.