పడవ మెట్లు దిగుట ఎట్లు?

మాచర్ల, గురజాల, నరసరావుపేట బాలబాలికలెరిగిన సాగర్ కుడికాలువ పొలములను తడుపుటకు ప్రసిద్ధము. పల్నాటికి తూర్పున, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కృష్ణాజలములతో నిండిన డెల్టా కాలువలలో ఒకటియగు కొమ్మమూరు కాలువయో, పైరులను పెంచుటయేగాక పడవలనుగూడ నడపి, దుగ్గిరాల మీదుగా పెదగంజాముకడ బకింగ్‌హాం కాలువను కలిసి, చెన్నపట్టణమునకు జలమార్గమైనది.

నేల సముద్రమువైపు వాలియున్నది. ఆ వాలుననే కాలువ త్రవ్వినచో నీరు వడిగా పారి గట్లను కోయును. ఎదురేగు పడవను త్రాటితో లాగుట దుస్సాధ్యమగును. అందుచే వాలును మెట్లుగా విభజించి, మెట్టుమెట్టునకు లాకు కట్టిరి.

లాకనగా రెండు కొనలను జంటతలుపులుగల గోడలగది. ఎగువనుండి పడవ లోనికి రాగానే వెనుక తలుపులు మూసి, ముందు తలుపుల అడుగునగల చిన్న తూములను తెరతురు. నీరు దిగువకు జారుకొలది, నాచుపట్టిన తడిగోడలు పైకి లేచుచున్నట్లు తోచునుగాని, నిజమునకు దిగుచున్నది పడవయే. ఎగువవైపునకు కోణముగా కలిసిన తలుపురెక్కలను నీటిబరువే ఒత్తి మూసియుంచును గనుక, ఇరువైపుల మట్టములు సమమగువరకు అవి తెరచుకొనవు. ప్రయాణము నెమ్మదించుటకు కారణమిదియే.

పడవను ఎత్తునదియు దించునదియు నీరే. 1914లో తెరచిన పనామా కాలువయందు మహానౌకలు 26 మీటర్లెక్కి దిగుటయు ఈ సూత్రముననే.