పేరు తీసేశాను.. నంబరు మిగిలింది!

కిందటేడాది అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి డాలస్‌లో మా దగ్గర ఐదు నెలలు ఉంది. ఇంట్లో అందరం వాడుకునే ఉబుంటు లినక్స్ కంప్యూటర్‌లో ఆమెకూ ఒక అకౌంట్ తెరిచాను. గుండె పరీక్షల రిపోర్టులు, బ్యాంకు కాగితాలు అందులోనే దాచుకునేది. ‘అక్కకి చెప్పకురా, కంగారు పడుతుంది’ అని నా దగ్గర మాట తీసుకుంది. ఆమె వెళ్లాక అకౌంట్ తీసేశాను. ఫైళ్లు మాత్రం ఉంచాను.

ఆగస్టులో అక్క కొడుకు ఎంఎస్ చదవడానికి వచ్చి మా ఇంట్లో దిగాడు. వాడికి కొత్త అకౌంట్ ఇచ్చాను. వారం తిరక్కుండానే అక్క ఫోన్. ‘అమ్మకి గుండె జబ్బని నాకెందుకు చెప్పలేదురా?’ అంటూ ఒకటే ఏడుపు. మేనల్లుడి తప్పేం లేదు. అమ్మమ్మ పేరుతో ఫోల్డర్ కనిపిస్తే నొక్కాడు, తెరుచుకుంది. తప్పు నాదే.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో పేరు మన సౌకర్యం కోసమే. ఫైలు ఎవరిదో సిస్టమ్ నంబరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఉబుంటులో మొదటి మనిషికి 1000, తర్వాతివారికి 1001.. ఇలా ఇస్తుంది. అమ్మది 1003. అకౌంట్ తీసేయగానే ఆ నంబరు ఖాళీ అయింది, మేనల్లుడికి అదే దక్కింది. ఫైళ్ల మీద యజమాని 1003 అనే ఉంది కాబట్టి అవన్నీ వాడివైపోయాయి. అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్ల ఉత్తరాలు కొత్తగా దిగినవాళ్ల చేతికి అందినట్టే!

ఇంట్లోనైనా ఆఫీసులోనైనా ఇలా జరగకుండా కొన్ని జాగ్రత్తలు:

* మనిషి వెళ్లిపోగానే అకౌంట్ తీసేయొద్దు. లాక్ చేసి, గడువు కూడా ముగించండి. పాస్‌వర్డ్ ఒక్కటే లాక్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ కీతో వచ్చే దారి తెరిచే ఉంటుంది.

* తీసేయక తప్పదంటే, ముందు ‘ఫైండ్’ కమాండ్‌తో ఆ నంబరు మీదున్న ఫైళ్లన్నీ వెతికి, ‘చౌన్’తో వేరేవారి పేరుకు మార్చండి.

* కుటుంబ ఫొటోల లాంటివాటికి ఒక గ్రూపు పెట్టి అందర్నీ అందులో చేర్చండి. ‘యూజర్‌మాడ్’లో పెద్ద ‘జి’తో పాటు చిన్న ‘ఎ’ మరిచిపోతే, ఆ మనిషి అదనంగా ఉన్న మిగతా గ్రూపులన్నింటి నుంచీ బయటికి పోతాడు. సుడో గ్రూపు కూడా అందులో పోతుంది.

* ఆ సుడో హక్కు ఇంట్లో ఒకరిద్దరికి చాలు.

అక్కతో ఆ రాత్రి గంటన్నర మాట్లాడాను. మర్నాడు అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెబితే, ‘గది ఖాళీ చేశాక తాళం మార్చకుండా ఇంకొకరికి ఇస్తారా నాన్నా?’ అంది. ఇరవై ఏళ్లుగా సర్వర్లు చూస్తున్న నా దగ్గర దానికి సమాధానం లేదు.

ఇప్పుడు మేనల్లుడి నంబరు 1004. అమ్మ అకౌంట్‌ను పాత 1003తోనే మళ్లీ తెరిచి, ఫైళ్లతో సహా లాక్ చేసి ఉంచాను. వచ్చే వేసవిలో ఆమె వచ్చాక తెరిస్తే చాలు.