స్కీ బూటు ఎందుకంత బిగువు?

భిలాయిలోని కోహ్కాలో మంచు పడదు. మంచి బూటు విలువ మాత్రం అక్కడి పిల్లలకూ తెలుసు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఉక్కు కర్మాగారం ఉన్న ఊరది. సేఫ్టీ బూటు ముక్కును వేలితో తట్టి చూడండి, గట్టిగా తగులుతుంది. లోపల సాధారణంగా ఉక్కు తొడుగు ఉంటుంది. అది 200 జౌల్స్ దెబ్బకు తట్టుకోవాలి. అంటే 20 కిలోల ముద్ద మీటరు ఎత్తు నుంచి పడ్డా వేళ్లు నలగకూడదు.

గుల్మార్గ్ మంచులో స్కీల మీద జారేవాళ్ల బూటు పని వేరు.

స్కీయర్ మోకాళ్లు వంచి కాలిని ముందుకు నొక్కితే, ఆ ఒత్తిడి బూటు గుండా స్కీకి చేరుతుంది, స్కీ మలుపు తిరుగుతుంది. బూటు మెత్తగా ఉంటే ఆ ఒత్తిడి దారిలోనే పోతుంది. వంగకుండా ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేదే ‘ఫ్లెక్స్’ అంకె. కొత్తవాళ్లకు తక్కువ, ఆరితేరినవాళ్లకు ఎక్కువ. కంపెనీని బట్టి ఈ అంకె మారుతుంది కాబట్టి తొడిగి చూడాల్సిందే.

ఎలా చూడాలి? లోపలి మెత్తని లైనర్ తీసేసి, పాదం పెట్టి, వేళ్లను ముందుకు ఆనించాలి. మడమ వెనక ఒకటి రెండు వేళ్ల సందు చాలు. తర్వాత లైనర్ పెట్టి, బకిల్స్ బిగించి, మోకాళ్లు వంచాలి. వేళ్లు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు.

సేఫ్టీ బూటులో అయితే వేళ్లు ఉక్కుకు తగలనే కూడదు. ఎదిగే కాలికని ఒక సైజు పెద్దది కొనడం ఈ రెండింటికీ పనికిరాదు.