మంగళవారం పొద్దున సీనియర్ కమ్యూనిటీలో

మేమిద్దరం రిటైరై మూడేళ్ళయింది. ప్రతి మంగళవారం పొద్దున పదింటికి, మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక సీనియర్ కమ్యూనిటీకి వెళ్ళి మధ్యాహ్నం మూడింటి దాకా ఉండి వస్తాం. గుడిలో కనిపించినప్పుడల్లా "అక్కడ మీరు చేసే పనేమిటండీ?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే ఈ నాలుగు మాటలు.

సీనియర్ కమ్యూనిటీ అనగానే మనకు వృద్ధాశ్రమం గుర్తొస్తుంది. నిజానికి ఒకే ఆవరణలో చాలా అంచెలుంటాయి. ఇండిపెండెంట్ లివింగ్‌లో ఉన్నవాళ్ళు సొంతంగా వండుకుంటారు, కొందరు కారు కూడా నడుపుతారు. అసిస్టెడ్ లివింగ్‌లో స్నానానికీ మందులకూ సాయం చేస్తారు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళకు మెమరీ కేర్ ఉంటుంది, తలుపుకి కోడ్ నొక్కితేగాని బయటికి రాలేరు. ఈ ఖర్చంతా మెడికేర్ ఇస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. ఇవ్వదు. కనీసం మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉన్నాక, నర్సింగ్ వైద్యం అవసరమైతే 100 రోజుల వరకు కొంత భరిస్తుంది, అంతే. రోజూ స్నానం చేయించి, అన్నం పెట్టే సాయానికి చెల్లించదు. ఇది అరవై దాటకముందే తెలుసుకోవలసిన సంగతి.

చేరడం కష్టం కాదు. ఆక్టివిటీస్ డైరెక్టర్‌కి ఫోన్ చేశాం. ఫారం నింపాం, నేర చరిత్ర ఏమీ లేదని చూశారు, టీబీ పరీక్ష చేశారు, ఒక పూట శిక్షణ ఇచ్చారు. పొద్దున పేపరు చదివి వినిపిస్తాం, బింగోలో అంకెలు పిలుస్తాం, భోజనానికి వెళ్ళేవాళ్ళ వెంట నడుస్తాం. మంచం మీంచి లేపడం, నోటికి అన్నం అందించడం మా పని కాదు. లోపల ఎవరున్నారో బయట చెప్పకూడదు, గుడిలో కూడా.

మమ్మల్ని అక్కడ నిలబెట్టింది మాత్రం మెమరీ కేర్‌లో ఉన్న ఒక తెలుగు పెద్దాయన. నలభై ఏళ్ళు ఈ దేశంలో ఉద్యోగం చేసిన మనిషి. ఇప్పుడు నోట ఇంగ్లీషు రాదు. డిమెన్షియాలో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, అమ్మ దగ్గర నేర్చుకున్నది మిగులుతుంది. సాయంత్రం భోజనం దగ్గర ఆయన కోపంగా కంచం తోసేస్తున్నారనీ, మ్యాజిక్, మ్యాజిక్ అని అరుస్తున్నారనీ చెప్పారు. పాపం, ఒక అమ్మాయి పేకముక్కలు తెచ్చి గారడీ కూడా చేసి చూపించిందట. ఆయన అడిగింది మజ్జిగ.

మేం నవ్వాం, తర్వాత నవ్వలేకపోయాం. ఎన్నాళ్ళుగా అడుగుతున్నారో!

అయినా వెంటనే గ్లాసులో పోసి ఇవ్వడానికి లేదు. ఆయనకు పల్చటి ద్రవాలు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. నీళ్ళలో కూడా చిక్కదనం కోసం పొడి కలిపి ఇస్తారు. నర్సుకి చెప్పాం, ఆవిడ స్పీచ్ థెరపిస్టుని అడిగారు. రెండు వారాలకి మెత్తటి పెరుగన్నం, చిక్కబరిచిన మజ్జిగ మొదలయ్యాయి. అందుకే చెబుతున్నాం: ప్రసాదమైనా సరే, నర్సుని అడగకుండా ఎవరి చేతిలోనూ పెట్టకండి. పక్క గదిలో ఒకావిడ లడ్డూ కావాలని చెయ్యి చాస్తారు. లేదని చెప్పడం ఆ రోజంతటిలో కష్టమైన పని.

వాళ్ళమ్మాయి అనుమతితో ఒక కాగితం రాసి ఆయన గదిలో గోడకి అంటించాం. నీళ్ళు, నొప్పి, చలి, చాలు, మజ్జిగ... ఇంగ్లీషు అక్షరాల్లో మాట, పక్కన అర్థం. రాత్రి డ్యూటీవాళ్ళు కూడా "చాలా?" అని అడుగుతున్నారు, ఉచ్చారణ సంగతి వదిలేయండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మాత్రం మేం దుబాసీలుగా కూర్చోం. మందు పేరో మోతాదో తప్పు చెబితే ప్రాణం మీదికి వస్తుంది. శిక్షణ పొందిన అనువాదకులు ఫోన్లో దొరుకుతారు, ఏర్పాటు చేయమని కుటుంబం అడగవచ్చు.

పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడీ, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో వినాయకుడి గుడీ వెలిసింది 1970లలో. అప్పుడు చందాలు పోగుచేసి తిరిగిన ముప్ఫై ఏళ్ళవాళ్ళు ఇప్పుడు ఎనభైలలో ఉన్నారు. ఫ్లోరిడా టవారెస్‌లోని శాంతినికేతన్ లాంటి, మనవాళ్ళ కోసమే కట్టినవి ఉన్నాయి కానీ, ఎక్కువమంది పిల్లల ఇంటికి దగ్గరగా ఉన్నచోటే చేరతారు. అక్కడ తెలుగు మాట వినపడదు.

పెద్దాయన ప్రతి మంగళవారం మాది ఏ ఊరని అడుగుతారు. తెనాలి అంటాం. "తెనాలా! మా పెద్దమ్మగారిదీ అదే" అని కుర్చీలో ముందుకు జరుగుతారు. మళ్ళీ వారం మళ్ళీ అడుగుతారు, మేమూ మొదటిసారి చెబుతున్నట్టే చెబుతాం.

శుక్రవారం ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఇంకా ఎవరూ లేరు. వీలున్నవారు గుడి ఆఫీసులో పేరివ్వండి, మొదటిసారి మేం వెంట వస్తాం.