అదనపు అంగుళం ఎటు పోవాలి?

1966లో జర్మనీలోని పోర్షే కంపెనీ తన 911 కారులో మరింత శక్తిగల ‘ఎస్’ రకాన్ని తెచ్చింది. దాని కోసం హైన్‌రిష్ క్లీ అయిదు రేకుల పువ్వులాంటి చక్రానికి రూపమిచ్చాడు. ఓట్టో ఫుక్స్ కార్ఖానా అల్యూమినియం దిమ్మను అచ్చులో కొట్టి, అంచును రెండుగా చీల్చి, రోలర్లతో సాగదీసి రిమ్ముగా మలిచింది. చక్రం తేలికయ్యేకొద్దీ ఎగుడుదిగుళ్ల మీద టైరు రోడ్డును వదలకుండా ఉంటుంది.

మొదటి ఫుక్స్ రిమ్ వెడల్పు నాలుగున్నర అంగుళాలే. 911 ఇంజనేమో వెనక ఇరుసుకూ వెనకాల ఉంటుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆ బరువుకి వెనక భాగం పక్కకి జారేది. 1969 మోడల్‌కు వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. రిమ్ములూ క్రమంగా 6, 7, 8 అంగుళాలకు పెరిగాయి.

చిక్కంతా ఇక్కడే. పెరిగిన వెడల్పు లోపలికి పోవాలా, బయటికి రావాలా?

తేల్చేది ఆఫ్‌సెట్. రిమ్ నడిమధ్య నుంచి, హబ్‌కు ఆనే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పే కొలత అది. ఫుక్స్ రిమ్ముల్లో 6 అంగుళాలదానికి 36 మి.మీ., 7కు 23.3, 8కి 10.6. ప్రతిసారీ తగ్గింది 12.7, అంటే సరిగ్గా అరంగుళం. రిమ్ అంగుళం పెరిగితే అటు అర, ఇటు అర పెరుగుతుంది. ఆఫ్‌సెట్ అరంగుళం తగ్గితే చక్రం మొత్తం అంత మేర బయటికి జరుగుతుంది. దాంతో లోపలి అంచు ఉన్నచోటే ఉండిపోతుంది, సస్పెన్షన్‌కు తగలదు. ఎంత ముచ్చటైన లెక్క!

భారం బాడీ మీద పడింది. 1973 కరేరా ఆర్‌ఎస్ 2.7కు ముందు 6, వెనక 7 అంగుళాల రిమ్ములు వేశారు; వెనక మడ్‌గార్డులను ఉబ్బించక తప్పలేదు. ముందు టైరు 185/70, వెనకది 215/60. 185లో 70 శాతం 129.5 మి.మీ., 215లో 60 శాతం 129. టైరు వెడల్పయింది కానీ గోడ ఎత్తు మారలేదు. 15 అంగుళాల రిమ్‌తో కలిపి రెండూ సుమారు 640 మి.మీ. ఎత్తే.

మడ్‌గార్డు ఉబ్బించని పోటీ కార్లకు 7 అంగుళాల్లోనే ‘7ఆర్’ అని ఇంకో రిమ్ ఉండేది. ఆఫ్‌సెట్ 49. 6 అంగుళాలదానితో పోలిస్తే దీని బయటి అంచు దాదాపు కదల్లేదు. అంగుళమంతా లోపలికే పోయింది. పాత 911కు చక్రాలు మార్చేవారు వెడల్పొక్కటే అడిగి డబ్బు కట్టకూడదు. ఒకే వెడల్పున్న ఈ రెండు రిమ్ములూ బిగించాక 25.7 మి.మీ. తేడాతో నిలబడతాయి.