ఇన్సాస్ తర్వాత ఏ రైఫిల్?

మన కాలేజీలో మొబైల్ గేమ్స్ ఆడేవాళ్ళని "ఏ గన్ బెస్ట్?" అని అడిగి చూడండి. అరగంటైనా గొడవ తెగదు. అయినా గేమ్‌లో ఆ ప్రశ్నకి ఏదో ఒక జవాబు దొరుకుతుంది, ఎందుకంటే ప్రతి గన్ పక్కన డ్యామేజ్ ఇంత, రేంజ్ ఇంత అని అంకెలు రాసి ఉంటాయి. సైన్యానికి అంత సులువు కాదు. లక్షల మంది చేతుల్లో ఉన్న పాత రైఫిల్ తీసేసి కొత్తది ఇవ్వాలంటే ఏమేం చూడాలి? మన ఆర్మీ ఇన్సాస్ బదులు కొత్త రైఫిళ్ళు ఎంచుకున్న తీరు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం గురించి మీరు వినే ఉంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపే ఊరు. అలాంటి ఊళ్ళకి ఇది గేమ్ కాదు. ఇంట్లోంచి వెళ్ళిన పిల్లాడి చేతిలో ఏముంది అన్న ప్రశ్న.

పాతది ఎందుకు మార్చాలి?

ఇన్సాస్‌కి ముందు మన జవాన్ల దగ్గర ఎస్ఎల్ఆర్ ఉండేది. దాని తూటా 7.62×51 మి.మీ. దెబ్బ గట్టిది, కానీ రైఫిల్ పొడుగు, బరువు. 1980లో నాటో దేశాలు చిన్నదైన 5.56×45 తూటాని కూడా తమ స్టాండర్డ్‌గా తీసుకున్నాయి. మనం కూడా ఆ దారిలోనే వెళ్ళాం. పుణేలోని డీఆర్‌డీఓ ల్యాబ్ ఏఆర్‌డీఈ డిజైన్ చేసిన ఇన్సాస్ 1990ల్లో సైన్యంలోకి వచ్చింది. 1999లో కార్గిల్ కొండల మీద దానికి అసలు పరీక్ష ఎదురైంది. చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయని, మధ్యలో జామ్ అవుతోందని ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత మార్పులు చేశారు. కానీ జవానుకి ఒకసారి ఆయుధం మీద నమ్మకం పోతే తిరిగి రావడం కష్టం. మన కోడ్ క్రాష్ అయితే మళ్ళీ రన్ చేస్తాం. అక్కడ ఆ అవకాశం ఉండదు కదా.

అసలు లెక్క తూటాది

రైఫిళ్ళు పోల్చేటప్పుడు చాలామంది బ్రాండ్ పేరు దగ్గర మొదలుపెడతారు. నేనైతే తూటా దగ్గర మొదలుపెట్టమంటాను. ఇంటర్ ఫిజిక్స్ చాలు. బుల్లెట్ శక్తి అంటే సగం ఎమ్ వీ స్క్వేర్, అంతే.

5.56 బుల్లెట్ బరువు సుమారు 4 గ్రాములు, వేగం సెకనుకి 900 మీటర్ల పైన. శక్తి సుమారు 1,700 జౌల్స్. ఏకే వాడే 7.62×39లో బుల్లెట్ దాదాపు 8 గ్రాములు, వేగం 700 మీటర్ల పైచిలుకు. శక్తి సుమారు 2,000 జౌల్స్. 7.62×51 అయితే 9.5 గ్రాముల బుల్లెట్ దాదాపు 840 మీటర్ల వేగంతో వెళ్తుంది. శక్తి 3,300 జౌల్స్ దాటుతుంది.

ఇలా చూస్తే మూడోదే తీసుకోవాలి అనిపిస్తుంది. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. 5.56 తూటా మొత్తం బరువు సుమారు 12 గ్రాములు, 7.62×51 సుమారు 24. అంటే 200 తూటాలు మోస్తే ఒకరికి 2.4 కిలోలు, ఇంకొకరికి 4.8 కిలోలు. నీళ్ళు, తిండి, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ అన్నీ వేసుకుని కొండెక్కేవాడికి ఆ 2.4 కిలోల తేడా చిన్నది కాదు. పైగా బుల్లెట్ ఎంత బలంగా ముందుకు వెళ్తే రైఫిల్ అంత బలంగా భుజాన్ని వెనక్కి తంతుంది. అప్పుడు రెండో తూటాని అదే చోట కొట్టడం కష్టం. శక్తి పెంచితే బరువు పెరుగుతుంది, బరువు తగ్గిస్తే దూరం తగ్గుతుంది. అన్నీ ఒకేసారి పెంచడం కుదరదు.

రైఫిల్ ఒక్కటే కాదు

రెండో విషయం నమ్మకం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యానికి కొత్తగా ఎమ్16 ఇచ్చారు. తేలికైన, మంచి డిజైన్. కానీ తూటాలో వాడే మందుగుండు రకం మార్చారు, ఛాంబర్‌కి క్రోమ్ పూత వేయలేదు, చాలామందికి క్లీనింగ్ కిట్లు కూడా అందలేదు. ఫలితం, యుద్ధం మధ్యలో జామ్‌లు. 1967లో అమెరికా కాంగ్రెస్ కమిటీ దీని మీద విచారణ చేసింది. తర్వాత క్రోమ్ పూత వేసి, కిట్లు ఇచ్చి, శిక్షణ సరిచేశాక అదే రైఫిల్ కుటుంబం దశాబ్దాల పాటు నిలబడింది. అంటే రైఫిల్, తూటా, నూనె, శిక్షణ అన్నీ కలిసి ఒక సిస్టమ్ అన్నమాట. అందులో ఒక్కటి మార్చినా మొత్తం మళ్ళీ టెస్ట్ చేయాలి.

అన్నీ కావాలంటే ఏదీ రాదు

2011లో మన ఆర్మీ ఒక పెద్ద టెండర్ పిలిచింది. ఒకే రైఫిల్ కావాలి, బ్యారెల్ మారిస్తే 5.56 పేల్చాలి, ఇంకో బ్యారెల్ పెడితే 7.62×39 పేల్చాలి. విదేశీ కంపెనీలు వచ్చాయి, ట్రయల్స్ జరిగాయి. చివరికి 2015లో టెండర్ రద్దయింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో రిక్వైర్‌మెంట్స్ గురించి చెప్తుంటే మనకి నిద్రొస్తుంది కానీ, ఇక్కడ కాగితం మీద రాసుకున్న ఒక కోరిక నాలుగేళ్ళు తినేసింది. ఆ నాలుగేళ్ళూ జవాన్లు పాత రైఫిల్‌తోనే ఉన్నారు.

ఆ తర్వాత ప్రశ్న మారింది. "అందరికీ సరిపోయేది ఏది?" బదులు "ఎవరికి ఏది?" అని అడిగారు. సరిహద్దులో దూరం నుంచి కొట్టాల్సిన ముందు వరుస ఇన్‌ఫాంట్రీ కోసం 2019లో 72,400 సిగ్716 రైఫిళ్ళు ఆర్డర్ చేశారు. తూటా 7.62×51, దూరం 600 మీటర్ల దాకా. 2024లో ఇంకో 73 వేలు ఆర్డర్ ఇచ్చారు. మిగతావాళ్ళ కోసం ఏకే-203. దాని తూటా 7.62×39. రష్యాతో కలిసి ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లా కోర్వాలో తయారుచేస్తున్నారు. 2021 డిసెంబర్‌లో 6 లక్షలకు పైగా రైఫిళ్ళకి ఒప్పందం కుదిరింది.

దీనికీ ఒక ధర ఉంది. పాత 5.56 ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ఇప్పుడు మూడు రకాల తూటాలు సరఫరా చేయాలి. రెండింటికీ 7.62 అనే పేరే ఉన్నా ఒకదాని కేస్ 51 మి.మీ., ఇంకోదానిది 39. పొడుగుది ఏకేలో పట్టనే పట్టదు. మంచులో ఉన్న పోస్ట్‌కి తప్పు పెట్టె చేరితే ఎంత మంచి రైఫిల్ అయినా ఇనప కర్రే.

ఇందులో మన హైదరాబాద్ పేరు కూడా ఉంది. 2024 జనవరిలో డీఆర్‌డీఓ 'ఉగ్రం' అనే 7.62×51 రైఫిల్‌ని బయటపెట్టింది. దాన్ని ఏఆర్‌డీఈతో కలిసి తయారుచేసింది హైదరాబాద్‌కి చెందిన ద్వీప ఆర్మర్ అనే ప్రైవేట్ కంపెనీ. బరువు 4 కిలోల లోపు, దూరం 500 మీటర్లు. అయితే ఎగ్జిబిషన్‌లో పెట్టిన రైఫిల్ వేరు, మంచులో, ఇసుకలో, బురదలో వేల తూటాలు పేల్చి నిలిచిన రైఫిల్ వేరు.

నన్నడిగితే

స్వదేశీ కాబట్టి మంచిది, విదేశీ కాబట్టి గొప్పది, ఈ రెండు మాటలూ పక్కన పెట్టాలి. రైఫిల్ ఎక్కడ తయారైంది అన్నది ముఖ్యమే, ఎందుకంటే యుద్ధం వచ్చినప్పుడు విడిభాగాల కోసం ఇంకో దేశం దయ మీద ఉండకూడదు. కానీ దేశభక్తి పేరుతో టెస్టింగ్‌లో మార్కులు కలపకూడదు. అలా కలిపిన మార్కులకి ఫైన్ కట్టేది ఫైల్ మీద సంతకం చేసినవాళ్ళు కాదు.

మనలో కొందరు రేపు డీఆర్‌డీఓలోనో, అలాంటి ప్రైవేట్ కంపెనీల్లోనో చేరతారు. రైఫిల్ కాకపోయినా దాని మీద పెట్టే సైట్‌కి కోడ్ రాస్తారు. మనం ఫోన్ కొనేటప్పుడు నాలుగు రివ్యూలు చూసి, నచ్చకపోతే వారంలో రిటర్న్ ఇచ్చేస్తాం. జవాను తన రైఫిల్‌ని ఎంచుకోడు. ఇచ్చింది తీసుకుని వెళ్తాడు. అతని బదులు ఎంచుకునేవాళ్ళకి ఆ విషయం ప్రతి మీటింగ్‌లో గుర్తుండాలి.