ప్రాణము నిలుపు మందు – మూత్రపిండమునకు ముప్పు

మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ఉర్దూ మాటలాడు ఇండ్లలో ‘గుర్దా’ అనియు, తెలుగు ఇండ్లలో మూత్రపిండమనియు పిలువబడు అవయవము పిడికిలి యంతటిది. అది చెడినపుడు మరియొకరి మూత్రపిండమును అమర్చి ప్రాణము నిలుపుట నేడు సాధ్యమైనది. కాని ఆ అవయవమును కాపాడుటకు వాడు మందే కాలక్రమమున దానికి హాని చేయగలదు. ఈ వైపరీత్యమును తెలిసికొనుట మనకు అవసరము.

పరాయి అవయవమును శరీరము శత్రువుగా భావించును. రక్తములోని ‘టి’ కణములు దానిపై దాడి చేయును. 1954లో బోస్టన్ నగరమున జోసెఫ్ ముర్రే జరిపిన మూత్రపిండ మార్పిడి ఫలించుటకు కారణము, దాతయు గ్రహీతయు ఏకరూప కవలలగుటయే. తక్కినవారికి ఈ దాడిని అణచు ఔషధము కావలసి వచ్చెను. నార్వే దేశపు మట్టిలోని ఒక శిలీంధ్రమునుండి లభించిన సైక్లోస్పోరిన్‌కు ఆ శక్తి కలదని స్విట్జర్లాండులోని సాండోజ్ సంస్థ పరిశోధకులు 1972లో గుర్తించిరి. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాల్నే దానిని రోగులకు వాడెను. 1984లో జపానులోని సుకుబా మట్టిలోని సూక్ష్మజీవినుండి టాక్రోలిమస్ వెలువడెను. ఈ రెండును ‘కాల్సిన్యూరిన్’ అను ఎంజైమును అడ్డగించి, టి కణములను నిస్తేజములను గావించును.

మరి హాని యెట్లు కలుగును? మన కె.సి. కాలువను తలచుకొనుడు. తూము తలుపును అతిగా దించినచో పొలమునకు నీరందదు. ఈ మందులు మూత్రపిండపు వడపోత గుచ్ఛములకు రక్తము తెచ్చు సన్నని ధమనులను సంకోచింపజేయును. రక్తము తగ్గును, వడపోత మందగించును, రక్తములో క్రియాటినిన్ పెరుగును. ఈ దశలో మోతాదు తగ్గించినచో మూత్రపిండము తరచుగా కోలుకొనును. నాలుగు దినములు ఎండిన పైరు తడి తగిలి తేరుకొనునట్లే. కాని ఏండ్ల తరబడి ఇదే సాగినచో ధమనుల గోడలు మందమై, కణజాలము చారలు చారలుగా గట్టిపడును. ఆ నష్టము తిరిగి రాదు.

గుండె, కాలేయము మార్పించుకొన్నవారికిని ఈ ముప్పు తప్పదు. అమెరికాలో 69,321 మందిని పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనమున, మూత్రపిండము గాక ఇతర అవయవములు పొందినవారిలో 16.5 శాతము మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యము కలిగినట్లు తేలినది. మందులు అందులో ఒక ముఖ్య కారణము. రక్తపోటు, మధుమేహము మున్నగునవి ఇతర కారణములు.

అట్లని మందు మానుట మహాపరాధము. మానినచో శరీరము అవయవమునే తిరస్కరించును. ఎక్కువైన విషము, తక్కువైన వినాశము. నడుమనున్న ఇరుకు బాటయే రోగికి శరణ్యము. అందుచేతనే మందులోని సారము రక్తమున ఎంత ఉన్నదో పరీక్షింతురు. ఆ దినమున ఉదయపు మాత్రను రక్తమిచ్చిన పిదపనే వేసికొనవలెను. క్షయకు వాడు రిఫాంపిసిన్ ఈ మందు సారమును తగ్గించును. ఎరిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ వంటివి పెంచును. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు స్వయముగా మూత్రపిండమునకు చేటు. కావున వైద్యుని అడుగక మందుల దుకాణములో ఏ మాత్రయు కొనరాదు. వేరుమందులు, భస్మములు సైతము సేవింపరాదు.

రంజాన్ మాసమున మరియొక చిక్కు కలదు. ఈ మాత్రలలో పెక్కు 12 గంటలకొకటిగా వేసికొనవలసినవి. సహరీ మొదలు ఇఫ్తారు వరకు కాలము దానిని మించును. మన వేసవిలో దాహము తోడైన మూత్రపిండమునకు రక్తము మరింత తగ్గును. వ్యాధిగ్రస్తునకు ధర్మమే మినహాయింపు నొసగినది. వైద్యుని సలహా లేక ఉపవాసమునకు పూనుకొనుటయు, మాత్రల వేళలు మార్చుటయు తగదు.

విద్యార్థులారా! మీ ఇంట, మీ వీధిలో అట్టి రోగి యుండినచో, మాత్రల వేళ గుర్తుచేయుట, పరీక్షల చీటీలు భద్రపరచుట, కొత్త మందు చీటీని వైద్యునకు చూపించుట మీరు చేయదగిన సేవ. ఒక దాత ఇచ్చిన అవయవము అమానతు వంటిది. దానిని కాపాడుట వైద్యుని వంతు మాత్రమే కాదు, మన యందరి బాధ్యత.